ఒక మార్కు రాయి

అశోక్‌నగర్‌లో పొద్దు
సూర్యుడితో మొదలవదు,
జిరాక్స్ మిషన్ల వేడితో మొదలవుతుంది.
ఈ సందులో
పాన్ డబ్బా అతనికి కూడా ఆర్టికల్ నంబర్లు తెలుసు.
గోడకు ఆనుకుని ఒకడు, మెట్టు మీద ఒకడు,
ఆగిన బైకు మీద బోర్లా పడి ఒకడు,
చదువుతూనే ఉంటాం.
మమ్మల్ని చూసి ఎవరూ నవ్వరు.
ఇంటి ఓనరు కిరాయి పెంచేటప్పుడు కూడా
"చదువుకునే పోరగాళ్లు పాపం" అంటూనే పెంచుతాడు.

నవ్వేది ఓదెమ్మను చూసి.

మా హాస్టల్‌లో వంట ఆమెది.
నూట పన్నెండు ప్లేట్లకు పప్పు వేస్తూ వేస్తూ
గరిటె గాల్లో ఆపి అడుగుతుంది:
"పప్పు పచ్చగనే ఉండె, పసుపు పచ్చగనే ఉండె,
పొంగినప్పుడు నురుగు తెల్లగ ఎట్లొచ్చె?"
వరుసలో వెనకనుంచి ఎవరో
"అక్కా, సిలబస్‌ల లేదు. జర జల్ది."

నోటిఫికేషన్ రద్దైనప్పుడల్లా
మేం పుస్తకాలు కిలోల లెక్కన అమ్ముతాం.
కాటా మీదినుంచి ఒకటి తీసుకుని
అంత బరువు ఉల్లిగడ్డలు పెడుతుంది ఓదెమ్మ.
ఆ ఉల్లిగడ్డలు జీతంలో కోస్తారు.
రాత్రి గిన్నెలు తోమాక
ఏడో తరగతి దగ్గర ఆగిపోయిన వేలు
చారు మరకల మీదుగా
ఒక్కో అక్షరాన్నీ తట్టి లేపుతుంది.

వార్డెన్ గంగాధర్ సారుకు అసలు అర్థం కాదు.
"ఈ వయసుల నీకు ఏ కొలువిస్తరు ఓదెమ్మా?"
పక్క మెస్సు ఆమె మాత్రం జబ్బు కనిపెట్టేసింది:
"మొగడు పోయినకాడికెల్లి తల్కాయ తిరిగింది."
నేనేమీ అనలేదు.
నలుగురూ నవ్వినంత నవ్వాను, అంతే.

ఒక ఆదివారం అన్నంతోపాటు నా ప్లేటులో ఇది వడ్డించింది:
"తమ్మీ, కొండాపూర్ బస్సుల పోతుంటే చూసిన.
గుండు మీద గుండు, దాని మీద ఇంకో గుండు.
ఎవ్వలు పేర్చిండ్రు? ఎందుకు పడ్తలేవు?"

"గ్రానైట్ అక్కా. అగ్నిశిల. ఆప్షన్ బి."

"అది పేరు తమ్మీ.
నేను పేరడుగలే."

ఆరేళ్ల చదువు
మెతుకులా అడ్డం పడింది గొంతులో.

మళ్లీ వారం బస్సులో నిలబడి వెళ్లాం.
సగం కొండను అప్పటికే తినేశారు.
మిగిలిన సగం పక్కన ముప్పై అంతస్తుల బొమ్మ, ఫోన్ నంబరు.
వాచ్‌మన్ లేచాడు, "ఫ్లాట్ చూడనీకి వచ్చిండ్రా?"
"కాదు బిడ్డా, రాయి చూడనీకి."
అతను కణత దగ్గర వేలు తిప్పాడు.
ఈసారి ఆ వేలు ఇద్దరికీ కలిపి తిరిగింది.

ఓదెమ్మ గుండును చుట్టి వచ్చింది,
చంటిపిల్లకు జ్వరం చూసినట్టు అరచెయ్యి ఆనించి.
ఒకచోట గోరుతో గీరితే పెచ్చు లేచింది.
"ఉల్లిగడ్డ లెక్కనే తమ్మీ, పొర మీద పొర."
తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.
"ఎవ్వలు పేర్చలే.
మొదలు ఒక్కటే బండ ఉండె. పగుళ్లిచ్చింది.
నడుమ మన్నంత వానకు కొట్టుకపోయింది.
పోంగ మిగిలింది నిలబడ్డది."

ఉల్లిపొర శైథిల్యం.
నూట నలభయ్యో పేజీ, కింద నుంచి మూడో లైను.
నాలుగుసార్లు బట్టీ పట్టాను,
ఒక్కసారీ ఉల్లిగడ్డ గుర్తుకు రాకుండా.

పలక పట్టిననాటినుంచి అందరూ నాతో
రాయి, రాయి అంటూనే ఉన్నారు.
రాశాను. రాస్తూనే ఉన్నాను.
ఆ మాటకు బరువుంటుందని,
ఎండలో చెయ్యి కాలుతుందని
ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి మెస్సులో నా వంతు వచ్చింది.
"అక్కా, నురుగు సంగతి ఏమైంది?"
గరిటె గాల్లో ఆగింది.
"ఉప్పేసినంక తక్కువొస్తున్నదా అని చూస్తున్న. నువ్వు కూడ చూడు."
వెనకనుంచి ఎవరో "అన్నా, జర జల్ది."
పప్పు చల్లారిపోతోంది.
నేనింకా జరగలేదు.